అంకెల కర్ర

డిమోయిన్, అయోవా
సెప్టెంబర్ 11, 1978

తాతయ్యా,

ఉద్యోగంలో చేరి వారమైంది. లీగ్ కార్యాలయం అంటే నువ్వు పాలరాతి మేడ ఊహించుకుంటావేమో. పళ్ళ డాక్టరు ఆసుపత్రి పైన రెండు గదులు, అంతే. కింద డ్రిల్లు మోగినప్పుడల్లా నా టైపురైటరు వణుకుతుంది. తొమ్మిది కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచుల కాగితాలు ప్రతి సోమవారం పోస్టులో వస్తాయి. ఎవరు బంతి పట్టుకుని ఎన్ని గజాలు పరిగెత్తారు, ఎవరు ఎవర్ని పడగొట్టారు, అన్నీ కూడి నేను పెద్ద పుస్తకంలో ఎక్కించాలి. నాలుగేళ్ళు సాహిత్యం చదివింది ఇందుకేనా అని అమ్మ అడిగింది. ఇందుకు కాదు. ఎందుకో తెలిసే దాకా ఇక్కడుంటాను.

నా గదిలో ఉండే ఫిలిస్ చికాగో పిల్ల. "మీ తాతయ్య ఏం చేస్తారు?" అంది. బోర్డులు రాసేవాడు, ఇప్పుడు మానేశాడు, శనివారాలు మాత్రం వెస్టర్‌గార్డ్ కాలేజీ మైదానంలో కర్ర పట్టుకుంటాడు అన్నాను. పడీ పడీ నవ్వింది. కూర్చోబెట్టి చెప్పాను. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు. పోలేదా, బంతి అవతలి వాళ్ళది. ఇప్పుడు నడిచేది ఎన్నో ఛాన్సో కర్ర కొసన అంకె తిప్పి ఊరందరికీ చూపించేది మా తాతయ్య. ముప్ఫై నాలుగేళ్ళుగా అన్నాను.

"అంతేనా?" అంది.

అంతే అన్నాను. నాకే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ప్రూయిట్ గారు, అంటే మా పై అధికారి, వెస్టర్‌గార్డ్ ఫుట్‌బాల్ మూసేస్తారట కదా అని అడిగారు. నిజమేనా?

నీ
సిగ్నె

---

నార్డాల్, అయోవా
సెప్టెంబర్ 20

సిగ్నె తల్లీ,

ఆ చికాగో పిల్లని ఓసారి తీసుకురా. కర్ర చేతికిచ్చి నవంబరు గాలిలో మూడు గంటలు నిలబెడతాను. అప్పుడు నవ్వుతుందేమో చూద్దాం.

నువ్వు విన్నది నిజమే. నవంబరు పదిహేడున కాలేజీ పెద్దలు ఓటు వేస్తారు. కోచ్ హాక్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఒక్క గెలుపు చూపిస్తాను, ఆ తర్వాత మాట్లాడండి" అన్నాడట. ఆ ఒక్క గెలుపు కోసం రెండేళ్ళుగా చూస్తున్నాం.

జట్టులో ఇరవై ఆరుగురు. బంతి మనదైనప్పుడు పదకొండు మంది, వాళ్ళదైనప్పుడు ఇంకో పదకొండు మంది కావాలి కదా. మధ్యలో ఇద్దరు కుంటితే, మిగిలిన వాళ్ళు నీళ్ళు తాగడానికి కూడా బయటికి రారు. పడమటి గ్యాలరీ చెక్కలు పుచ్చాయని తాడు కట్టేశారు. బ్యాండులో ఐదుగురు, ఒక డ్రమ్ము. దెబ్బలకి పట్టీలు కట్టే మనిషిని కూడా ఈ ఏడు తీసేశారు. ఎవడైనా పడితే స్ట్రెచరు ఒక కొస హాక్ పట్టుకుంటాడు, రెండో కొస పక్కన ఎవడుంటే వాడు. నలభై తొమ్మిదిలో మన జట్టు మ్యాచికి రైలు ప్రత్యేకంగా వేశారంటే ఈ కుర్రాళ్ళు నా మొహం వైపు జాలిగా చూస్తారు.

లొరేన్ హోటల్లో ఆ అరలు గుర్తున్నాయి కదా. గెలిచిన ప్రతి మ్యాచు బంతి మీదా స్కోరు రాసి అక్కడ పెట్టాను. చివరిది డెబ్భై ఆరులో. నా సన్న బ్రష్షు ఎండి పుల్లలా అయిపోయింది. నిన్న కిరసనాయిల్లో నానబెట్టాను. ఎందుకో అడక్కు.

వేలికి వేసుకునే రబ్బరు బ్యాండు కూడా తెగింది. ముసలితనంలో అన్నీ ఒకేసారి తెగుతాయి.

తాతయ్య

---

డిమోయిన్
అక్టోబర్ 9

తాతయ్యా,

ఈ కవర్లో ఇరవై రబ్బరు బ్యాండులు పెట్టాను. ఆఫీసువి. దొంగతనం చేసైనా నిన్ను ఆదుకుంటున్నానని తెలుసుకో.

ఒకటి నేనూ వేసుకున్నాను. నాకు ఆరేళ్ళప్పుడు నేర్పావు కదా, మణికట్టు మీద బ్యాండు, దాని కొస వేళ్ళకి. మొదటి ఛాన్సు చూపుడు వేలు, రెండోది నడిమి వేలు, మూడోది ఉంగరం వేలు, నాలుగోది చిటికెన వేలు. "కళ్ళు ఆట చూస్తూ మైమరచిపోతాయి, వేళ్ళు మరచిపోవు" అనేవాడివి. రిఫరీలు కూడా ఇలాగే లెక్క పెట్టుకుంటారంటే నమ్మలేదు నేను, నువ్వే కనిపెట్టావనుకునేదాన్ని.

మొన్నటి కాగితం వచ్చింది. వాళ్ళు నలభై ఒకటి, మనం సున్నా. ఆ సున్నా టైపు చేయడానికి ఎంత గట్టిగా కొట్టానంటే కాగితానికి చిల్లు పడింది. ప్రూయిట్ గారు చూసి, "మీ ఊరిదా?" అన్నారు. కొత్త కాగితం ఇచ్చారు. మంచి మనిషే.

నీ
సిగ్నె

---

నార్డాల్
అక్టోబర్ 22, ఆదివారం

సిగ్నె తల్లీ,

గెలిచాం. పదమూడు, పన్నెండు. సెయింట్ ఆల్డ్రిక్ కాలేజీ మీద. ఆఖరి నిమిషంలో.

ఊరంతా మైదానంలోకి దిగింది. ఊరంతా అంటే మూడొందల మంది. కోచ్ హాక్ నా కోటు పట్టుకుని ఏడ్చాడు. డెన్నీ ఓస్బీ అని ఉన్నాడే, ఆ పొడుగు వాడు, చీలమండ బెణికింది. స్ట్రెచరు రెండో కొస నేనే పట్టాను. మొక్కజొన్న కోతలు వదిలేసి వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు.

బంతి నా దగ్గరికి పంపారు, రాయమని. మిగతా సంగతులు కాగితంలో వస్తాయి కదా, చూసుకో.

తాతయ్య

---

డిమోయిన్
అక్టోబర్ 25

తాతయ్యా,

గెలిచాం గెలిచాం గెలిచాం! ఫిలిస్‌కి చెప్పి ఇద్దరం చెరో ఆపిల్ పై ముక్క తిన్నాం. "మీ తాతయ్య కర్ర గెలిపించిందా?" అంది. ఈసారి కొట్టాలనిపించలేదు, కొంచెమే అనిపించింది.

కాగితం సోమవారం వచ్చింది. పుస్తకంలో ఇంకా ఎక్కించలేదు. ఈ వారం ఇక్కడ పని ఎక్కువ.

బంతి ఏ రంగుతో రాశావు? మొన్నటి ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఇలాంటి ఆట చూసి ఒక్క పేజీయేనా?

నీ
సిగ్నె

---

నార్డాల్
అక్టోబర్ 31

సిగ్నె తల్లీ,

బంతి ఇంకా రాయలేదు. గాలిలో తేమ ఉంది, రంగు ఆరదు. తోలు మీద ఆరకపోతే పాడైపోతుంది.

ఊళ్ళో సందడి చూడాలి. చర్చిలో కాఫీల దగ్గర పాస్టరు గారు కూడా ఆఖరి ఆట ఎలా జరిగిందో కేకు ముక్కలతో చూపించారు. లొరేన్ అర తుడిచి జాగా చేసింది. రోజూ అడుగుతుంది, "ఇంగ్వాల్, నా బంతి ఏదయ్యా?" అని. నిన్న డబ్బు తీసుకోకుండా నాకు ఆపిల్ పై ముక్క పెట్టింది. తినలేదు. కడుపు బాగాలేదన్నాను.

కోచ్ హాక్ పెద్దల దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కుర్చీ వేసి కూర్చోమన్నారట.

తాతయ్య

---

డిమోయిన్
నవంబర్ 2

తాతయ్యా,

మీ జిల్లాలో పది రోజులుగా చుక్క వాన లేదు. రేడియోలో రోజూ రైతులకి చెబుతున్నారు.

నువ్వు బంతి రాయలేదు. నేను ఆ మ్యాచు పుస్తకంలో ఎక్కించలేదు. నాకు పని ఎక్కువేం లేదు. నువ్వు కారణం చెప్తే నేనూ చెప్తాను.

సిగ్నె

---

నార్డాల్
నవంబర్ 5

సిగ్నె,

చెప్తాను. మీ నానమ్మ ఉంటే ఆవిడకి చెప్పేవాణ్ణి.

ఏడు, పన్నెండు మీద ఓడిపోతున్నాం. ఒకటిన్నర నిమిషం ఉంది. బంతి మన చేతిలో, వాళ్ళ వైపు ఆఖరి గీతకి ఆరు గజాల దూరంలో. దాటిస్తే ఆరు పాయింట్లు. నాలుగు ఛాన్సులు. మొదటిది రెండు గజాలు. రెండోదానికి కుప్పగా పడ్డారు. లేచేసరికి డెన్నీ లేవలేదు. హాక్ నా వైపు చూశాడు. కర్ర కింద పడేసి పరిగెత్తాను. మైదానంలో ఉండగా కర్ర చేతిలోంచి దించకూడదు. ముప్ఫై నాలుగేళ్ళలో దించలేదు. కానీ స్ట్రెచరు కొస ఎవరు పడతారు?

తిరిగొచ్చి కర్ర ఎత్తాను. అంకె రెండు మీదే ఉంది. మూడుకి తిప్పడం మరిచాను. ఇంతవరకు పొరపాటు. దీనికి నన్ను నేను క్షమించుకోగలను.

ఆ రోజు రిఫరీలు నలుగురే వచ్చారు. మన వైపున్న అతను కొత్తవాడు, బడిలో లెక్కలు చెప్తాడట. గొడవలో తన వేలి లెక్క పోయినట్టుంది, నా కర్ర చూసి బ్యాండు సర్దుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. అప్పుడూ నాకు తట్టలేదు. స్కోరు బోర్డు తిప్పేవాడు ఎప్పుడూ నా కర్ర చూసే తిప్పుతాడు. బంతి విసిరారు, దొరకలేదు. మూడుకి తిప్పాను. మళ్ళీ మనవాడు బంతితో తోసుకుపోయాడు. వాళ్ళ యాభై నాలుగో నంబరు కుర్రాడు ఎదురొచ్చి గీతకి జానెడు ఇవతల పడేశాడు. పడేసి లేచి రెండు చేతులూ ఎత్తి గంతులేశాడు. అయిపోయింది, బంతి మాది అని.

నేను నా చేయి చూసుకున్నాను. నువ్వు పంపిన బ్యాండు. చిటికెన వేలికి ఉంది.

చూపు డెన్నీ మీద ఉన్నా, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. నాలుగూ అయిపోయాయి. కర్ర మీద మూడు. కేక వేయడానికి అర నిమిషం టైముంది నాకు. నోరు తెరిచాను కూడా. ఎదురుగా హాక్ మోకాళ్ళ మీద ఉన్నాడు. నా చేత్తో నేనే అంకెని నాలుగుకి తిప్పాను.

ఐదో ఛాన్సుకి గీత దాటాం.

అది కూడా కాదు నన్ను తినేది. ఆ కుర్రాడు. చేతులెత్తిన వాడు నా కర్ర చూసి ఆగిపోయాడు. "నాలుగు అయ్యాయి సార్, నేను లెక్కపెట్టాను" అని వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ కోచ్‌కి నేను ఇరవై ఏళ్ళుగా తెలుసు. నాకు వినబడేలాగే అన్నాడు: "ఆ కర్ర పట్టుకున్నది ఇంగ్వాల్ రూస్టాడ్. నోరు మూసుకుని నీ చోటుకి పో."

వాడు వేళ్ళు ముడిచి తెరిచి ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత తలూపుకుని వెళ్ళిపోయాడు. తన లెక్కే తప్పనుకున్నాడమ్మా.

తాతయ్య

---

డిమోయిన్
నవంబర్ 7

తాతయ్యా,

నాకు తెలుసు. కాగితం వచ్చిన సోమవారమే తెలుసు. ఆ గీత దగ్గర ఐదు ఆటలు రాసి ఉన్నాయి. రాసిన పిల్లవాడు లెక్కపెట్టుకోలేదు, వరసగా రాసుకుపోయాడు. నేను మూడుసార్లు లెక్కపెట్టి కాగితం నా సొరుగులో అడుగున దాచి, నీకు "గెలిచాం గెలిచాం" అని రాశాను. రబ్బరు బ్యాండుల కంటే పెద్ద దొంగతనం ఇది.

నువ్వు మరిచావనుకున్నాను. నువ్వు చూసి కూడా తిప్పావని అనుకోలేదు. నీ ఉత్తరం చదివాక నన్ను చూసి ఫిలిస్ ఎవరైనా పోయారా అని అడిగింది.

అయినా విను. ఎవరిదో చెప్పకుండా ప్రూయిట్ గారిని అడిగాను. ఆట ముగిశాక ఫలితాన్ని లీగ్ మార్చదట. గెలిచినవాళ్ళు తమంతట తాము వదులుకుంటే తప్ప. అంటే నువ్వు నోరు విప్పకపోతే ఇది ఎక్కడికీ పోదు. సెయింట్ ఆల్డ్రిక్ వాళ్ళు ఈ ఏడు ఆరు గెలిచారు. వాళ్ళకి ఏడోది ఎందుకు? మనకి ఇదొక్కటే. పదిహేడున ఓటు. పద్దెనిమిదిన ఆఖరి మ్యాచు. ఆ తర్వాత ఎవరికి కావాలంటే వాళ్ళకి చెప్పుకో. పది రోజులు ఆగు. ఇరవై ఆరుగురి కోసం ఆగు. హాక్ కోసం ఆగు.

నీ కోసం కూడా. ఆ ఊళ్ళో నీ పేరు చెప్తే తలలు ఎత్తి చూస్తారు. అది పోతే నీకు ఏం మిగులుతుంది?

సిగ్నె

---

నార్డాల్
నవంబర్ 10

సిగ్నె తల్లీ,

నీ ఉత్తరం చేరేసరికే హాక్ ఇంటికి వెళ్ళొచ్చాను. ముందే చేరి ఉంటే ఆగేవాణ్ణేమో. అందుకే పోస్టు వాడు ఆలస్యం చేసినందుకు సంతోషించాను.

డ్వేన్ హాక్ బూట్లు తుడుచుకుంటున్నాడు. విన్నాడు. తుడిచిన బూటే మళ్ళీ తుడిచాడు.

"ఇంకో వారం ఆగలేకపోయావా, ఇంగ్వాల్?" అన్నాడు.

"మూడు వారాలు ఆగాను డ్వేన్. అదే ఎక్కువ."

"నేను నిన్ను పిలవకపోతే నువ్వు కర్ర దించేవాడివి కాదు."

"దించడం నీ మీద వేసుకుంటే వేసుకో. తిప్పడం మాత్రం నాది."

అతను నన్ను తిడితే బాగుండేది. కాఫీ పోశాడు.

మర్నాడు జట్టుని కూర్చోబెట్టి నన్నే చెప్పమన్నాడు. బంతి గీత దాటించిన కుర్రాడు లేచి, "చెప్పకుండా పోతే పోయేది కదా తాతా, అదొక్కటే మాకుంది" అన్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు. డెన్నీ చంకకర్రల మీద నిలబడి, "ఈయన కర్ర పడేసింది నన్ను మోయడానికిరా" అన్నాడు. "మరి నన్ను అక్కడే వదిలేసి అంకె తిప్పుకోవాల్సిందా?" వాళ్ళు చేతులెత్తి ఓటు వేశారు. పంతొమ్మిది మంది వదులుకుందామన్నారు. ఏడుగురు వద్దన్నారు. ఆ ఏడుగురి మీద నాకు కోపం లేదు. వదులుకుంటున్నామని హాక్ మీ ఆఫీసుకీ, సెయింట్ ఆల్డ్రిక్‌కీ రాశాడు. నేను ఆ కుర్రాడికి వేరుగా రాశాను.

లొరేన్ హోటల్లో ఇప్పుడు నా బల్ల దగ్గరికి ఎవరూ రారు. ఒకడు మాత్రం గుమ్మంలోంచి, "ఏం ఇంగ్వాల్, కాఫీ ఎన్నో కప్పు? లెక్క సరిగ్గా చెప్పు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లొరేన్ వాడికి ఆ రోజు కాఫీ పోయలేదు.

పద్దెనిమిదిన నేను కర్ర పట్టను. హాక్ పట్టమన్నాడు, వద్దన్నాను. నా తర్వాత ఆ పని తెలిసినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. శుక్రవారం సాయంత్రం బస్సుకి వస్తావా?

తాతయ్య

---

డిమోయిన్
నవంబర్ 20

తాతయ్యా,

బస్సులో రాద్దామనుకున్నాను, వేళ్ళు వంగలేదు. ఆ చలిలో ముప్ఫై నాలుగేళ్ళు ఎలా నిలబడ్డావో!

శుక్రవారం నేను దిగేసరికే ఓటు అయిపోయింది. మూసేస్తున్నారని నువ్వు బస్టాండులో చెప్పిన తీరు నాకు నచ్చింది. "బువ్వ తిన్నావా?" అన్నంత మామూలుగా. గెలుపు ఉంచుకుని ఉంటే మూసేవాళ్ళు కాదేమోనని ఊరు ఇంకో ఇరవై ఏళ్ళు వాదించుకుంటుంది. పుచ్చిన చెక్కల్ని ఒక గెలుపు బాగు చేసేది కాదని నాకు అనిపిస్తోంది. కానీ నాకు కచ్చితంగా తెలియదు. నీకూ తెలియదు. దానితోనే ఉండాలి మనం.

ముప్ఫై ఎనిమిది, మూడు. అంత చిత్తుగా ఓడిన మ్యాచులో నేను నూట ఇరవై ఆరు సార్లు అంకె తిప్పాను. ఒక్కటీ తప్పలేదు. నువ్వు నా వెనక తాడు అవతల నిలబడ్డావు. రెండో భాగంలో ఒకసారి వెనక్కి చూశాను. చేతులు కోటు జేబులో పెట్టుకున్నావు. జేబు కదులుతోంది. వేళ్ళు లెక్కపెడుతున్నాయి.

ఈ ఉదయం ఆ అక్టోబరు మ్యాచు పుస్తకంలో ఎక్కించాను. సెయింట్ ఆల్డ్రిక్ 12, వెస్టర్‌గార్డ్ 7. నా సొరుగులో కాగితం సంగతి ప్రూయిట్ గారికి నేనే చెప్పాను. "వచ్చిన రోజే చెప్పాల్సింది, మిస్ రూస్టాడ్" అన్నారు. "అవునండీ" అన్నాను. తీసేస్తారనుకున్నాను, తీసేయలేదు. వేసవి వరకు ఉంటాను. తర్వాత ఎక్కడికో ఇంకా తెలియదు, కానీ ఇప్పుడు తెలియకపోవడం అంత భయంగా లేదు.

ఆఫీసుకి నీ పేరు మీద ఒక కార్డు వచ్చింది. యాభై నాలుగో నంబరు వాడిది. లియో కుబిచెక్. నీ చిరునామా పారేసుకున్నాడట. చదివేశాను, తిట్టుకో. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"రూస్టాడ్ గారూ, ఆ రోజు గ్యాలరీలో మా నాన్న నాలుగు వేళ్ళు చూపించారు. మ్యాచయ్యాక ఇంటి దాకా కారులో ఆయనతో నేనే పోట్లాడాను, కర్ర తప్పు చెప్పదు అని. మూడు వారాలు మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఆయన నాలుగు వేళ్ళు చూపించి నవ్వారు. మీరు బాగుండాలి."

నువ్వు అర మీద పెట్టిన బంతి చూశాను, శనివారం సాయంత్రం నువ్వు పడుకున్నాక లొరేన్ దగ్గరికి వెళ్ళి. డెబ్భై బంతుల్లో ఓడిన స్కోరు రాసింది అదొక్కటే. ఏడు, పన్నెండు. నీ అంకెలు ఇంకా వణకడం లేదు. లొరేన్ అంది, మిగతావి ఎవరూ ముట్టుకోరట, దాన్ని మాత్రం కుర్రాళ్ళు వచ్చి దించి ఒళ్ళో పెట్టుకుని కాఫీ తాగుతున్నారట. ఆ ఏడుగురిలో ఇద్దరు కూడా.

నేను చేతికి బ్యాండు తీయడం మరిచాను. ఇది టైపు చేస్తుంటే ఇప్పుడు చూశాను. చిటికెన వేలికే ఉంది. ఆఖరి ఛాన్సులో కూడా మనవాళ్ళు గీత దాటలేదు కదా, బంతి అవతలివాళ్ళకి వెళ్ళింది, ఆట అయిపోయిందని ఈల వేశారు. అక్కడే ఆగిపోయింది.

తీసి చూపుడు వేలికి మార్చాను.

నీ
సిగ్నె